ఒంటరి సైకిలు యాత్రకు పూర్వ ప్రణాళిక — ఖమ్మం నుండి భద్రాచలం అడవి అంచు వరకు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన మద్రాసు నుండి బయలుదేరి, కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరెను. ఆయన వ్రాసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయినది. సాహిత్య విద్యార్థులు దానిని తెలుగు యాత్రా రచనకు మొదటి మెట్టుగా చదువుదురు. మేమును తరగతిలో అట్లే చెప్పుచుందుము. కాని సైకిలెక్కి దూరము పోదలచిన విద్యార్థి ఆ గ్రంథమును మరొక దృష్టితో చదువవలెను. ఊరికి ఊరికి నడుమ దూరమెంత, దిగుటకు తావు ఎక్కడ కలదు, దారి ఎట్టిది, అంగళ్ళలో ఏమి దొరుకును అను విషయములను ఆయన మజిలీ మజిలీకి గుర్తించుచు పోయెను. ఆయన వెంట పెద్ద పరివారము, బోయీలు, సామానుల బండ్లు ఉండెడివి. అంతటి పరివారము గలవాడు ఇంత లెక్క చూచుకొనగా, ఒంటరిగా పోవువాడు ఎంత చూచుకొనవలెనో ఊహింపవచ్చును.

మన విద్యార్థులలో భద్రాచలం వైపు అడవులలో సైకిలుపై ఒంటరిగా తిరిగి రావలెనను ఉబలాటము గలవారు ఉన్నారు. వారికి సెలవిచ్చుటకు పెద్దలు వెనుకాడుదురు. ఇరువురి మాటలోను న్యాయమున్నది. కుర్రవాడు అడవిలో జాడ తెలియకుండ పోయినచో ఎక్కడ వెదకవలెను అన్నది పెద్దల భయము. ఈ భయమునకు సమాధానము ధైర్యవచనములు కావు. ముందుగా వ్రాసి ఇంటివద్ద విడిచిపెట్టిన ఒక కాగితము. ఒంటరి యాత్రికుని ప్రణాళిక తన కొరకు వ్రాసుకొనునది మాత్రమే కాదు, తన వెనుక ఉండువారి కొరకు వ్రాయునది అని మా అభిప్రాయము.

మొదట దూరము, వెలుతురు. ఖమ్మం నుండి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం సుమారు 80 కిలోమీటర్లు. అచ్చటి నుండి పాల్వంచ, సారపాక మీదుగా గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరుటకు మరి 40 కిలోమీటర్లు. సామానుతో నిండిన సాధారణ సైకిలు, అలవాటు గల కుర్రవాని కాళ్ళక్రింద, గంటకు 12 కిలోమీటర్లు పోవునని పట్టుకొందము. 120ని 12చే భాగించిన 10 గంటలు. డిసెంబరులో మన ప్రాంతమున పగలు సుమారు 11 గంటలు. మిగిలిన ఆ ఒక్క గంటలోనే భోజనము, నీళ్ళు, విశ్రాంతి, పంక్చరు అన్నియు ఇమడవలెను. ఇమడవు. కావున ఖమ్మం నుండి భద్రాచలం ఒక్క రోజు ప్రయాణమని చెప్పువాడు చీకటిలో అడవి దాటుటకు ఒప్పుకొన్నవాడే. కొత్తగూడెంలో రాత్రి విడిది చేసి, మరునాడు తెల్లవారి బయలుదేరినచో మధ్యాహ్నమునకు ముందే గోదావరి కనబడును.

ఇచ్చట ఒక హెచ్చరిక. రైల్వేవారి పటములో 'భద్రాచలం రోడ్' అను స్టేషను కలదు. అది భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలోనే ఉన్నది. పేరు చూచి గుడి ముంగిట దిగుదుమనుకొని వచ్చి, ఇంకను 40 కిలోమీటర్లున్నవని విని తెల్లబోవు యాత్రికులు నేటికిని కలరు. పటమును చదువుట వేరు, పేరును చదువుట వేరు.

అడవి అనగానే విద్యార్థులు పులిని గూర్చి అడుగుదురు. లారీని గూర్చి ఎవరును అడుగరు. కొత్తగూడెం సింగరేణి బొగ్గుగనుల ఊరు. పాల్వంచలో థర్మల్ విద్యుత్కేంద్రము. సారపాకలో కాగితపు మిల్లు. బొగ్గు, బూడిద, ఇసుక, కర్ర మోయు బండ్లు రాత్రింబవళ్ళు ఆ రోడ్డుమీదనే నడచును. సైకిలువానికి వెనుకనుండి వచ్చు ప్రమాదమే పెద్దది. వెనుక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు, వెలుగు పడిన మెరయు పట్టీ గల చొక్కా, హ్యాండిలుకు చిన్న అద్దము — ఈ మూడును లేనివాడు బయలుదేరరాదు. తలకు హెల్మెట్ పెట్టుకొనుట నామోషీ అనుకొనువాడు ఇంటివద్ద ఉండుట మేలు.

పాల్వంచకు దాపున కిన్నెరసాని ఉన్నది. గోదావరికి ఉపనదియైన కిన్నెరసానిపై కట్టిన జలాశయము, దాని చుట్టును 1977లో ప్రకటింపబడిన అభయారణ్యము చూడదగినవి. కాని అచ్చట జలాశయములో మొసళ్ళున్నవి. స్నానమునకు దిగు తలంపు మానుకొనవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యములో ప్రజల రహదారి వెంట సాగిపోవుటకు అడ్డులేదు గాని, రహదారి విడిచి లోనికి పోవుటకు అటవీశాఖవారి అనుమతి కావలెను. లోపల నిప్పు రాజేయుట నేరము. కావున 'ఎక్కడ చీకటి పడిన అక్కడ గుడారము' అను ఊహ సినిమాలకే చెల్లును. విడిది ఊరిలోనే ఏర్పరచుకొనవలెను.

ఋతువు సంగతి. నవంబరు నుండి ఫిబ్రవరి నడిమి వరకు అనుకూలము. మార్చి, ఏప్రిలు నెలలలో ఇప్పపూవు రాలును; ఆ పూవునకు ఎలుగుబంట్లు తెల్లవారుజామున చెట్లక్రిందికి వచ్చును. చల్లగా ఉండునని ఆ వేళనే సైకిలెక్కువాడు ఈ మాట తెలిసికొనవలెను. మే నెలలో ఎండ 45 డిగ్రీల దరిదాపులకు పోవు ప్రాంతమిది. వానకాలము వేరొక కథ. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీటిమట్టము 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచినది. ఆ 2022 వరదలో వంతెనపై రాకపోకలు ఆపివేసిరి. 1965లో ప్రారంభమైన ఆ వంతెనయే మూతపడినప్పుడు ఒంటరివాడు ఏ దరిన ఉన్నను చిక్కే. పైగా వానలతో మలేరియా వచ్చును. భద్రాచలం ఏజెన్సీలో అది పాతకాలపు శత్రువు. ఏ కాలమందైనను దోమతెర మోయవలెను. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి భద్రాచలంలో గది దొరకుట దుర్లభము కనుక ఆ దినములను తప్పించుకొనవలెను.

దారికి తీసికొనిపోవు సంబారమును తెలుగులో దారిబత్తెమందుము. మన ఉర్దూ శాఖవారు 'జాదే రాహ్' అందురు. రెండు మాటలలోను తిండియే ముందు తోచును. సైకిలు యాత్రలో మాత్రము నీరు ముందు, తిండి తరువాత. ఎండలో తొక్కువానికి గంటకు అరలీటరు నుండి లీటరు వరకు నీరు కావలెను. మూడు లీటర్లు ఎప్పుడును తగ్గనీయరాదు. ఉప్పు, పంచదార కలిపిన నీరు, లేదా ఓ.ఆర్.ఎస్. పొట్లములు ఉండవలెను. దాహము వేసిన తరువాత త్రాగుదమనుట ఆలస్యమే. తిండికి అటుకులు, బెల్లము, వేరుసెనగలు చాలును. హోటలు ఏ పెద్ద ఊరిలోనైన దొరకును.

ఇక సైకిలు. గేర్ల సైకిలు ఖరీదైనది, చూపునకు అందమైనది. అయితే దాని ట్యూబు, వాల్వు ఏన్కూరు, జూలూరుపాడు వంటి చోట్ల రిపేరు దుకాణములలో దొరకునని నమ్మరాదు. నల్లని పాత తరహా సైకిలుకు దొరకని ఊరు లేదు, బాగుచేయలేని మెకానికు లేడు. మన రోడ్డుకు అదియే మేలని మేమందుము. పంపు, రెండు ట్యూబులు, అతుకులు, సొల్యూషను, వాల్వు రబ్బరు, స్పానరు, బ్రేకు రబ్బర్లు సంచిలో ఉండవలెను. సంచిలో ఉండుట చాలదు. బయలుదేరుటకు ముందు ఇంటి వాకిట చక్రము ఊడదీసి, ట్యూబుకు అతుకు వేసి, తిరిగి బిగించి చూడవలెను. ఐర్లండు దేశపు డెర్వ్లా మర్ఫీ అను స్త్రీ 1963లో తన దేశమునుండి ఢిల్లీ వరకు ఒంటరిగా సైకిలు తొక్కి వచ్చినది. టైర్లను దారిలోని కొన్ని ఊళ్ళకు ముందే పంపించుకొన్నది. ఆడపిల్లలకు ఇట్టి యాత్రలు తగవను పెద్దలు ఈ ఉదాహరణను విచారింతురు గాక. అట్లని మన పిల్లలకు దారి అంతయు సురక్షితమని మేము చెప్పము. ఇద్దరు ముగ్గురు కలసి మొదటి యాత్ర చేసి, దారి ఎరిగిన పిదప ఒంటరిగా పోవుట బాలురకును బాలికలకును మంచిదే. ఒంటరి యాత్రికులలో అగ్రగణ్యుడైన ఇబ్న్ బతూతా 1325లో టాంజియరు నుండి ఒంటరిగా బయలుదేరినవాడే గాని, దారిలో బిడారులు దొరకినప్పుడు వానితో కలసియే నడచెను.

భద్రాచలం దాటి ముందుకు పోవువారికి మరొక విషయము. 2014లో ఈ ప్రాంతపు మండలములు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. భద్రాచలం పట్టణము తెలంగాణలో నిలచినది. పట్టణమును విడిచి కొద్ది దూరము పోగానే ఎటపాకలో రాష్ట్రము మారును. చింతూరు వైపు సాగిన శబరి నది, ఆపై ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. ఆ సరిహద్దు అడవులు దశాబ్దములు మావోయిస్టులకు పోలీసులకు నడుమ పోరు జరిగిన చోటు. గుర్తింపు కార్డు చొక్కా జేబులో ఉండవలెను, అడిగినచో చూపవలెను, పెద్ద రోడ్డు విడువరాదు. అచ్చటి కోయగూడెములు మనకు వేడుక చూచు వస్తువులు కావు. అడుగక ఎవరి ఫోటోయు తీయరాదు. నీరు అడిగి, కూర్చుండి, దారి ఎట్టిదో వారినే అడుగవలెను. ఆ అడవిని వారికంటె ఎరిగిన పటము లేదు.

చివరకు ఆ కాగితము. ఒక పుట చాలును. తేదీలు, ప్రతి మజిలీ, బయలుదేరు గంట, చేరు గంట, బస చేయు తావు, రక్తపు గ్రూపు, సైకిలు రంగు, తొడిగిన చొక్కా రంగు వ్రాయవలెను. రెండు ప్రతులు తీసి ఒకటి ఇంటివద్ద, ఒకటి కళాశాలలో ఇవ్వవలెను. అడవిలో సెల్‌ఫోను అన్నిచోట్ల పలుకదు. కావున 'ఫోను చేసెదను' అను మాట సరిపోదు. 'సాయంత్రము 5 గంటలకు పాల్వంచనుండి మాటాడెదను. 8 గంటలవరకు మాట రానిచో 112కు తెలుపుడు' అని గడువు నిర్ణయించి వ్రాయవలెను. దారి మార్చుకొనదలచినచో ముందు ఇంటికి తెలిపి, పిదప మార్చుకొనవలెను. కళాశాల కమిటీవారు అనుమతి పత్రముతోపాటు ఈ పుటను కూడ కోరుట ఆచారముగా పెట్టినచో, కాదనుట తగ్గునని మా మనవి.

తిరుగు ప్రయాణము సైకిలుపై చేయలేని అలసట కలిగినచో అందు సిగ్గుపడవలసినది లేదు. కొత్తగూడెం వరకు తొక్కివచ్చి, భద్రాచలం రోడ్ స్టేషనులో ఏ రైలుకు సామానుల పెట్టె ఉన్నదో ముందురోజే విచారించి, సైకిలును పార్సిలు కార్యాలయములో బుక్ చేయించుకొని, డోర్నకలు మీదుగా ఖమ్మం చేరవచ్చును. రసీదును పారవేయరాదు, అది లేనిచో సైకిలును తిరిగి విడిపించుకొనుట కష్టము.