దెబ్బతిన్న కాలేయము తిరిగి ఎలా పెరుగుతుంది?



మనము తిన్న ఆహారము, వేసుకొన్న మందు, తాగిన సారా అన్నీ కాలేయము గుండా పోవలసిందే. అందుచేత విషము దెబ్బ తరచుగా దానికే తగులుతుంది. అయితే పోయిన భాగమును తిరిగి పెంచుకొనే శక్తి కూడా దానికున్నది. ఆ పనిలో మన రోగనిరోధక వ్యవస్థ ఏమి చేస్తుందో ఈ పాఠములో తెలుసుకొందాము.

అందరి ఇళ్లలో ఉండే పారాసిటమాల్ బిళ్లనే చూడండి. సరియైన మోతాదులో ఇది మంచి మందు. కాలేయము దీనిని విడగొట్టేటప్పుడు కొద్దిగా విషపదార్థము పుడుతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థము దానిని వెంటనే విరిచేస్తుంది. మోతాదు బాగా మించితే గ్లూటాథయోన్ నిల్వ అయిపోతుంది. అప్పుడు మిగిలిన విషము కాలేయ కణములను చంపుతుంది.

కాలేయములోనే కాపురముండే కాపలా కణములు కొన్ని ఉన్నాయి. 1876లో వాటిని వర్ణించిన శాస్త్రజ్ఞుని పేరున వాటిని కుఫర్ కణములంటారు. కణములు చనిపోతున్నాయని తెలియగానే ఇవి టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయన సంకేతములను పంపుతాయి. రక్తములోని తెల్లకణములు వచ్చి చచ్చిన కణములను మింగి చోటు శుభ్రము చేస్తాయి. అవే సంకేతములు బ్రతికియున్న కాలేయ కణములను విభజనకు సిద్ధము చేస్తాయి. పుండులోని చచ్చిన కండను తీసివేసి మేము కట్టు కడితే కొత్త కండ వస్తుంది కదా! లోపల జరిగేది దాదాపు అదే.

కాని దీనికి హద్దున్నది. విషము మరీ ఎక్కువైతే విభజన ఆగిపోతుంది. రోజూ తాగేవారిలో వలె దెబ్బ మీద దెబ్బ తగులుతుంటే కొత్త కణములకు బదులు మచ్చ కట్టి కాలేయము గట్టిపడుతుంది.

ఇంట్లో మాట పట్టింపు వచ్చి బిళ్లలు మింగిన పిల్ల మరునాడు లేచి తిరుగుతుంటే, "గండము గడిచింది, ఇంటికి తీసుకుపోతాము" అని తల్లిదండ్రులు అడుగుతారు. మేము వారికి చెప్పేది ఇదే: మొదటి రోజు వాంతులు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. కామెర్లు మూడవ, నాలుగవ రోజున బయటపడవచ్చు. ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు గ్లూటాథయోన్‌ను తిరిగి నింపుతుంది. మింగిన 8 గంటలలోపు మొదలుపెడితే అది చాలా బాగా పనిచేస్తుంది. ఆలస్యమైనా తీసుకురావడము మానవద్దు.

జ్ఞాపకముంచుకొనవలసినవి:

1. పెద్దలకు పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు, అనగా 500 మి.గ్రా. బిళ్లలు 8కి మించరాదు. మద్యము తాగేవారు, బాగా చిక్కినవారు ఇంకా తక్కువే వాడాలి, డాక్టరును అడగండి.

2. అనేక జలుబు, ఒళ్లునొప్పుల బిళ్లలలో కూడా పారాసిటమాల్ ఉంటుంది. అట్ట మీద చదవండి.

3. మోతాదు మించితే 108కి ఫోన్ చేయండి. ఖాళీ అట్టను వెంట తీసుకురండి.

4. కామెర్లకు పసరు పోయించి కాలము వృథా చేయవద్దు.

5. మింగినవారిని తిట్టవద్దు, ఒంటరిగా వదలవద్దు. మనసు కుంగినవారు టెలి మానస్ 14416కు ఉచితముగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

కాలేయము తన పని తాను చేసుకొనగలదు. దానికి కావలసిన సమయము మన చేతిలో ఉన్నది.