డిస్కుల కాపలా: నేను నేర్చుకున్న పది పాఠాలు

నిజామాబాద్ పట్టణంలో, బోధన్ వైపు ఊళ్లల్లో సర్వర్ల పని చేస్తూనే నా వయసు గడిచింది. ఖలీల్‌వాడి దవాఖానల స్కానింగ్ చిత్రాలు, పసుపు మార్కెట్ అడ్తిదారుల లెక్కలు, స్టూడియోల పెళ్లి వీడియోలు, చెరకు తూకం ఖాతాలు... నా చేతికి వచ్చిన డిస్కుల్లో ఉన్నవి ఇవే. ఇప్పుడు ఈ పని అందుకుంటున్న తమ్ముళ్లకు, బిడ్డలకు కొన్ని మాటలు చెప్పాలి.

నేను ఎక్కువగా వాడింది లినక్స్‌లోని బీటీఆర్ఎఫ్ఎస్. క్రిస్ మేసన్ ఒరాకిల్‌లో ఉన్నప్పుడు 2007లో మొదలుపెట్టిన ఈ ఫైల్‌సిస్టమ్ 2009లో 2.6.29 కెర్నల్‌లో చేరింది. దీని కింద వేరే రైడ్ పొర అక్కర్లేదు. నాలుగు డిస్కులిస్తే నాలుగింటినీ తానే ఒకటిగా చూసుకుంటుంది. డిస్కుల మీద మనం ఇచ్చే ఆదేశాలు ఐఓసీటీఎల్ అనే పిలుపులుగా కెర్నల్‌కు చేరి అక్కడ అమలవుతాయి. ఆ పిలుపు వెనుక ఏం జరుగుతుందో తెలిసినవాడు ఆపదలో గాబరా పడడు.

1. డిస్కును పేరుతో కాదు, నంబరుతో గుర్తుపట్టండి.
ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు మెషిన్ ఆపి మళ్లీ వేస్తే మారిపోవచ్చు. మారనివి మూడు: డిస్కు మీద అచ్చయిన సీరియల్ నంబరు, ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ, అందులో ఆ డిస్కుకు ఇచ్చిన డివైస్ ఐడీ. చెరకు ఫ్యాక్టరీ కాంటా దగ్గర బండి రంగు చూసి లెక్క రాయరు, పర్మిట్ నంబరు చూసి రాస్తారు. మన పనీ అంతే. సీరియల్ నంబరు చీటీ రాసి డిస్కు ట్రే ముందు అంటించండి. ఏ ఆదేశం ఇచ్చే ముందైనా 'ఫైల్‌సిస్టమ్ షో' చూసి, ఆ చీటీతో సరిపోల్చండి.

2. డిస్కు కనబడకపోతే ముందు స్కాన్ చేయండి.
డెవ్ డైరెక్టరీలో బీటీఆర్ఎఫ్ఎస్-కంట్రోల్ అని ఒక చిన్న పరికరం ఫైలు ఉంటుంది. 'డివైస్ స్కాన్' అన్నప్పుడు పిలుపు దాని ద్వారానే వెళ్తుంది. కెర్నల్ ఒక్కో డిస్కులో 64 కేబీ దగ్గరున్న సూపర్‌బ్లాక్ చదివి, ఇది ఏ ఫైల్‌సిస్టమ్‌ది, ఎన్నో డిస్కు అని తన జాబితాలో రాసుకుంటుంది. అందుకే మౌంట్ చేసేటప్పుడు ఒక్క డిస్కు పేరు చెప్పినా మిగతావన్నీ అదే తెరుచుకుంటుంది. మామూలుగా ఈ స్కాన్‌ను యూడెవ్ చేసిపెడుతుంది. ఎప్పుడైనా అది జరగకపోతే డిస్కు మాయమైందని కెర్నల్ మౌంట్‌కు ఒప్పుకోదు. అప్పుడు రిపేర్ టూళ్ల జోలికి పోకండి. స్కాన్ చేసి, కేబుల్ చూసి, మళ్లీ మౌంట్ చేయండి.

3. మొదటి రోజే రెండు నకళ్లు అడగండి.
ఎక్కువ డిస్కులు ఇచ్చినంత మాత్రాన డేటాకు రక్షణ వచ్చిందనుకోవద్దు. ఫార్మాట్ చేసేటప్పుడు డేటాకు రైడ్1 అని ప్రత్యేకంగా చెప్పకపోతే, మెటాడేటాకే రెండు నకళ్లు ఉంటాయి, డేటాకు ఒకటే. డిస్కు పోయిన రోజు ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, లోపలి సరుకు ఉండదు. రైడ్5, రైడ్6 చవకగా కనిపిస్తాయి గానీ, కరెంటు పోయినప్పుడు సగం రాసిన పట్టీ చెడిపోయే సమస్య వాటిలో ఉంది. బీటీఆర్ఎఫ్ఎస్‌ను తయారుచేసినవాళ్లే ముఖ్యమైన పనులకు వాటిని వాడొద్దంటున్నారు. మూడు నకళ్లు కావాలంటే 5.5 కెర్నల్ నుంచి రైడ్1సీ3 ఉంది.

4. నిండకముందే కొత్త డిస్కు కలపండి.
'డివైస్ యాడ్' క్షణాల్లో అయిపోతుంది. కానీ పాత డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది. బీటీఆర్ఎఫ్ఎస్ జాగాను చంకులుగా పంచుతుంది, డేటా చంక్ సాధారణంగా 1 జీబీ. రైడ్1లో ప్రతి చంక్‌కూ రెండు వేర్వేరు డిస్కుల్లో ఖాళీ కావాలి. రెండు డిస్కులు పూర్తిగా నిండాక మూడోది ఒక్కటే కలిపితే, ఖాళీ అంతా ఆ ఒక్కదాంట్లోనే ఉంటుంది. కొత్త జత కుదరదు. టెరాబైట్లు ఖాళీ చూపిస్తూనే 'జాగా లేదు' అంటుంది. పాతవాటిని సర్దడానికి బ్యాలెన్స్ పెడదామన్నా, దానికీ రెండు చోట్ల ఖాళీ కావాలి. కాబట్టి 'ఫైల్‌సిస్టమ్ యూసేజ్'లో ఏ డిస్కులో ఎంత కేటాయించని జాగా ఉందో నెలనెలా చూడండి. అది కాస్త మిగిలి ఉండగానే కలిపి, బ్యాలెన్స్ చేయండి. కొత్త డిస్కులో పాత ఫైల్‌సిస్టమ్ ఉందని యాడ్ ఆగిపోతే, బలవంతపు ఆప్షన్ పెట్టే ముందు సీరియల్ నంబరు ఇంకోసారి చదవండి. అది ఎవరి పెళ్లి వీడియోనో కావచ్చు.

5. తీసేయడం నెమ్మదైన పని, తొందరపడొద్దు.
'డివైస్ రిమూవ్' అంటే కెర్నల్ ఆ డిస్కులోని ఒక్కో చంక్‌నూ మిగతావాటికి తరలిస్తుంది. పెద్ద డిస్కుకు గంటలు కాదు, రోజులే పట్టవచ్చు. అంతా తరలాకే దాని సూపర్‌బ్లాక్ చెరిపి జాబితాలోంచి తీసేస్తుంది. రైడ్1కు కావలసిన రెండు డిస్కులకంటే తగ్గించమంటే ఒప్పుకోదు. ఆదేశం ముగిసిందని తెలిశాకే డిస్కు బయటకు లాగండి. మధ్యలో కరెంటు పోతే డేటా పోదు, కానీ రిమూవ్ దానంతటదే కొనసాగదు, మళ్లీ ఆదేశం ఇవ్వాలి. బ్యాలెన్స్, రీప్లేస్ మాత్రం మళ్లీ మౌంట్ కాగానే ఆగిన చోట నుంచి సాగుతాయి. ఇవన్నీ ఒకేసారి నడవవు. ఒకటి ముగిశాకే ఇంకొకటి.

6. జబ్బు పడ్డ డిస్కుకు మందు 'రీప్లేస్'.
చాలామంది కొత్తది కలిపి పాతది తీసేస్తారు. 3.8 కెర్నల్‌తో వచ్చిన రీప్లేస్ దానికంటే మేలు. పాత డిస్కులో ఉన్నదాన్ని నేరుగా కొత్తదాంట్లోకి రాస్తుంది, చంకులన్నిటినీ సర్దే పని పెట్టుకోదు. పాతదాన్ని శ్రమపెట్టొద్దనుకుంటే '-ఆర్' ఆప్షన్ ఇవ్వండి. వేరే చోట మంచి నకలు ఉంటే అక్కడినుంచే చదువుతుంది. కొత్త డిస్కు పాతదానికి సమానంగానో పెద్దదిగానో ఉండాలి. పెద్దదైతే పని ముగిశాక ఆ డివైస్ ఐడీకి రీసైజ్ ఇవ్వాలి, లేకుంటే అదనపు జాగా వాడకంలోకి రాదు.

7. 'డిగ్రేడెడ్' మౌంట్‌ను అలవాటు చేసుకోవద్దు.
డిస్కు నిజంగానే చచ్చిపోతే 'డిగ్రేడెడ్' ఆప్షన్‌తో మౌంట్ చేసి, లేని డిస్కు డివైస్ ఐడీ చెప్పి రీప్లేస్ చేయాలి. కానీ ఆ ఆప్షన్‌ను ఎఫ్‌స్టాబ్‌లో శాశ్వతంగా రాయకండి. ఒక కేబుల్ వదులైనా ఫైల్‌సిస్టమ్ ఎవరికీ తెలియకుండా ఒంటి డిస్కు మీద బతుకుతుంది. ఆ సమయంలో రాసినదానికి ఒకటే నకలు ఉండిపోవచ్చు. డిస్కు మార్చాక బ్యాలెన్స్‌లో రైడ్1కు 'కన్వర్ట్' ఇచ్చి, 'సాఫ్ట్' కూడా చేర్చండి. ఒంటిగా ఉన్న చంకులే జత అవుతాయి.

8. ఐదు లెక్కలు చదవడం నేర్చుకోండి.
'డివైస్ స్టాట్స్' ప్రతి డిస్కుకూ ఐదు అంకెలు చూపిస్తుంది: రాతలో తప్పులు, చదవడంలో తప్పులు, ఫ్లష్ తప్పులు, పాడైన డేటా, తరం తేడాలు. మెషిన్ ఆపినా ఇవి చెరిగిపోవు. చదవడం, రాయడం దగ్గర తప్పులు పెరుగుతుంటే డిస్కునే తప్పుపట్టకండి, కేబులూ ఎస్ఎంపీఎస్సూ చూడండి. తరం తేడా పెరిగితే ఆ డిస్కు కొన్ని రాతలు అందుకోలేదని అర్థం. నెలకోసారి రాత్రిపూట స్క్రబ్ పెట్టండి. అది ప్రతి బ్లాకునూ చెక్‌సమ్‌తో పోల్చి, చెడ్డదాన్ని మంచి నకలుతో సరిచేస్తుంది. మా నిజామాబాద్‌లో మే నెల ఎండ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో డిస్కు వేడి చూడకుండా పెద్ద బ్యాలెన్స్ మొదలుపెట్టకండి.

9. 30 సెకన్ల సంగతి మరువకండి.
డిస్కు జవాబు కోసం కెర్నల్ మామూలుగా 30 సెకన్లు చూస్తుంది. డెస్క్‌టాప్ డిస్కులు కొన్ని చెడ్డ సెక్టరు మీద అంతకంటే ఎక్కువసేపు తంటాలు పడతాయి. కెర్నల్ విసిగి లింకు రీసెట్ చేస్తుంది, ఒక్కోసారి డిస్కే జారిపోతుంది. డిస్కు ఒప్పుకుంటే స్మార్ట్‌సీటీఎల్‌తో దాని తంటా సమయం 7 సెకన్లకు కుదించండి. ఒప్పుకోకపోతే సిస్‌ఎఫ్ఎస్‌లో టైమౌట్‌ను 180 సెకన్లకు పెంచండి. ఇంకో జాగ్రత్త: డీడీతో డిస్కు నకలు తీస్తే యూయూఐడీ కూడా అదే వస్తుంది. అసలునూ నకలునూ ఒకే మెషిన్‌కు తగిలించి మౌంట్ చేయకండి, కెర్నల్ ఏది ఏదో తేల్చుకోలేదు.

10. నకలు వేరు, బ్యాకప్ వేరు.
రైడ్1 డిస్కు చావును తట్టుకుంటుంది. పొరపాటున కొట్టిన డిలీట్‌ను, పిడుగును, దొంగను తట్టుకోదు. ఇంకో ఊళ్లో ఇంకో కాపీ ఉండాలి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది, 2015 చివర మూతపడింది. యంత్రాలు ఆగినా కార్మికుడికి తన సర్వీసు రికార్డుతో, రైతుకు తన తూకం లెక్కతో పని ఆగదు. మనం కాసేది అలాంటివాటినే.

ఈ వారంలోనే మీ చేతిలో ఉన్న ప్రతి మెషిన్ ముందూ కూర్చుని, ప్రతి డిస్కు సీరియల్ నంబరునూ డివైస్ ఐడీనీ కాగితం మీద రాయండి. డివైస్ స్టాట్స్ ఒకసారి చదవండి. డేటాకు రెండు నకళ్లు ఉన్నాయో లేదో చూడండి. ఏ డిస్కు పోయినా నిలబడేది ఆ కాగితం రాసుకున్నవాడే.