ఎంబీబీఎస్‌కు కాలేజీల ఎంపిక: కావలి విద్యార్థులు చేయవలసినవి - చేయకూడనివి

నీట్ ర్యాంకు చేతికొచ్చాక జరిగే పొరపాట్లను ఆ ఏడాది మళ్లీ సరిదిద్దుకోలేం. వెబ్ ఆప్షన్ల వరుస తప్పినా, ఒక్క సర్టిఫికెట్ లేకపోయినా, ఒక్క గడువు దాటినా రావలసిన సీటు చేజారుతుంది. కావలి వారికి మరో చిక్కు ఉంది. నెల్లూరు, ఒంగోలు రెండూ దగ్గరే అయినా, సీట్ల కేటాయింపులో అవి రెండు వేర్వేరు ప్రాంతాలు. అందువల్ల దూరాన్ని బట్టో, కాలేజీ పేరును బట్టో, తెలిసినవారి మాటను బట్టో దరఖాస్తు చేస్తే నష్టపోతారు. ముందు మీ ర్యాంకు, లోకల్ ఏరియా, కేటగిరీ, ఆ ఏటి నియమావళి - ఈ నాలుగూ కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత ఈ సూచనలు పాటించండి.

చేయవలసినవి

అర్హత, సర్టిఫికెట్లు

- రెండు కౌన్సెలింగ్‌లకూ విడివిడిగా రిజిస్టర్ చేసుకోండి: 15 శాతం ఆలిండియా కోటాకు మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ)లో, రాష్ట్ర కోటాకు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయంలో.
- మంగళగిరి ఎయిమ్స్, పుదుచ్చేరి జిప్‌మర్, చెన్నైలోని డీమ్డ్ యూనివర్సిటీలు కావాలనుకుంటే ఎంసీసీలోనే ఆప్షన్లు ఇవ్వండి. అవి రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఉండవు.
- మీ లోకల్ ఏరియా ఏదో ముందే తేల్చుకోండి: నెల్లూరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ (ఎస్వీయూ) ప్రాంతం, ఒంగోలు ఆంధ్ర విశ్వవిద్యాలయ (ఏయూ) ప్రాంతం.
- ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూడండి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట చూసేది అదే.
- ఆ నాలుగేళ్లూ ఒకే ప్రాంతంలో లేకపోతే చివరి ఏడేళ్లు లెక్కించండి. ఆరు నుంచి పది దాకా కావలిలో, ఇంటర్ విజయవాడలో చదివినవారికి ఏడింట ఐదేళ్లు ఎస్వీయూలోనే పడతాయి కాబట్టి వారు ఎస్వీయూ లోకల్.
- తొమ్మిదో తరగతి నుంచే ఒంగోలులోనో, గుంటూరులోనో చదివి ఉంటే ఏయూ కాలేజీలను ముందుంచి జాబితా తయారుచేయండి.
- ఆరు నుంచి ఇంటర్ దాకా ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ తెచ్చిపెట్టుకోండి. స్కూలు మూతపడి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయంలో ఇప్పుడే అడగండి.
- కుల, ఆదాయ, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రాలకు ఫలితాలు రాకముందే సచివాలయంలో దరఖాస్తు చేయండి.
- బీసీ విద్యార్థులు ఎంసీసీ కోసం కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ ఓబీసీ పత్రం విడిగా తీసుకోండి.
- పదో తరగతి మెమో, ఆధార్, నీట్ దరఖాస్తు మూడింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూడండి.

కాలేజీల జాబితా

- ఆ విద్యాసంవత్సరానికి కాలేజీకి అనుమతి ఉందో, ఎన్ని సీట్లకు ఉందో జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) వెబ్‌సైట్‌లో చూడండి.
- ఎస్వీయూ లోకల్ అయితే ఆ ప్రాంతంలోని ప్రభుత్వ కాలేజీలన్నింటినీ జాబితాలో చేర్చండి: నెల్లూరు ఏసీఎస్ఆర్, తిరుపతి ఎస్వీ, కర్నూలు, అనంతపురం, కడప, నంద్యాల.
- అమ్మాయిలు తిరుపతిలోని పద్మావతి మహిళా వైద్య కళాశాలను కూడా పరిశీలించండి.
- ఒంగోలునూ ఆప్షన్లలో ఉంచండి, కాని ఎస్వీయూ వారికి అక్కడ 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లలోనే అవకాశమని గుర్తుంచుకోండి.
- గత రెండు మూడేళ్ల చివరి ర్యాంకులను మీ కేటగిరీకి, మీ లోకల్ ఏరియాకు విడిగా చూడండి.
- మీరు నిజంగా చేరాలనుకునే వరుసలోనే ఆప్షన్లు పెట్టండి. కేటాయింపు మీ జాబితా పైనుంచి కిందికి సాగుతుంది.
- రాదనుకున్న మంచి కాలేజీని కూడా పైన పెట్టండి. అది రాకపోయినా కింది ఆప్షన్లకు నష్టం ఉండదు.
- ప్రైవేటు కాలేజీ అయితే పనిరోజు ఉదయం ఓపీ వేళకు వెళ్లి ఆసుపత్రిని కళ్లారా చూడండి.
- వార్డుల్లో పడకలనే కాక వాటి మీద ఉన్న రోగులను కూడా లెక్కపెట్టండి. వైద్య విద్యార్థికి అసలు పాఠం రోగి దగ్గరే.
- అక్కడి హౌస్‌సర్జన్లను ఒంటరిగా కలిసి క్యాజువాలిటీ పని, ప్రసవాలు, స్టైపెండ్, హాస్టల్ గురించి అడగండి.

డబ్బు

- కోర్సు మొత్తానికి అయ్యే ఖర్చు లెక్కవేయండి: ట్యూషన్, హాస్టల్, మెస్, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, ఏటా పెరిగే మొత్తం.
- ఆప్షన్ పక్కనే ఏ (కన్వీనర్), బీ (మేనేజ్‌మెంట్), సీ (ఎన్ఆర్ఐ) కేటగిరీల్లో ఏదో రాసుకోండి. కాలేజీ ఒకటే అయినా ఫీజు లక్షల్లో మారుతుంది.
- కొత్త ప్రభుత్వ కాలేజీల్లోనూ కేటగిరీ చూడండి. 2023 జీవోల్లో బీ సీటుకు ఏటా రూ.12 లక్షలు, సీ సీటుకు రూ.20 లక్షలు నిర్ణయించారు.
- బీ, సీ కేటగిరీ సీట్లు కావాలంటే యూనివర్సిటీ ఇచ్చే వేరే నోటిఫికేషన్‌కు విడిగా దరఖాస్తు చేయండి.
- విద్యారుణం అవసరమైతే విద్యాలక్ష్మి పోర్టల్‌లో, మీ బ్యాంకులో కౌన్సెలింగ్‌కు ముందే కనుక్కోండి.
- సీటు వదులుకుంటే కట్టవలసిన మొత్తం, సర్వీసు బాండు షరతులు చేరకముందే చదవండి.

కేటాయింపు, చేరిక

- ఆప్షన్లు లాక్ చేశాక ప్రింట్ తీసి, వరుసను ఇంట్లో మరొకరితో చదివించండి.
- ప్రతి రౌండుకూ వేరే నియమం ఉంటుందని తెలుసుకోండి. ఎంసీసీ మొదటి రౌండులో సీటు వదిలినా డిపాజిట్ పోదు, తర్వాతి రౌండ్లలో పోతుంది.
- కాలేజీలో రిపోర్ట్ చేసేటప్పుడే అప్‌గ్రేడ్ కావాలో వద్దో స్పష్టంగా రాసివ్వండి.
- ఒరిజినల్స్ ఇచ్చిన వెంటనే రసీదు తీసుకోండి. ప్రతి పత్రానికీ స్కాన్ కాపీ ఇంట్లో ఉంచండి.
- ర్యాగింగ్ ఎదురైతే 1800-180-5522కు ఫోన్ చేయండి.

విదేశీ చదువు

- నీట్‌లో అర్హత సాధించాకే విదేశీ సీటు గురించి ఆలోచించండి. అది లేకుండా చదివితే ఇక్కడ డాక్టరుగా నమోదు కాలేరు.
- ఎన్ఎంసీ 2021 నవంబరు నిబంధనలతో ఆ కోర్సును పోల్చండి: కనీసం 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆంగ్లంలో బోధన.
- ఆ దేశ పౌరులకు ఇచ్చే వైద్య లైసెన్సు మీకూ వస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.
- తిరిగొచ్చాక రాయవలసిన స్క్రీనింగ్ పరీక్షకు (ఎఫ్ఎంజీఈ) మొదటి ఏడాది నుంచే సిద్ధపడండి. ఎఫ్ఎంజీఈలో 300కు 150 రావాలి.

చేయకూడనివి

అర్హత, సర్టిఫికెట్లు

- ఒక కౌన్సెలింగ్‌లో రిజిస్టర్ అయితే రెండోదానిలోనూ అయినట్టేనని అనుకోకండి.
- 2022లో జరిగిన జిల్లాల మార్పును లోకల్ ఏరియా మార్పుగా భావించకండి; కందుకూరు వైపు చదివినవారు ప్రాస్పెక్టస్ చూడకుండా ఏరియా రాయకండి.
- హైదరాబాదులో నాలుగేళ్లు చదివి, సొంతూరు కావలి గనుక లోకల్ అవుతామని ధీమా పడకండి.
- ఇల్లు ఒకచోట, చదువు ఒకచోట ఉంటే అనుకూలమైనది రాసేయకండి; పరిశీలనలో సీటు రద్దవుతుంది.
- రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉంటుందని అనుకోకండి.
- పాత ఏడాది ఈడబ్ల్యూఎస్ పత్రంతో దరఖాస్తు చేయకండి.
- పాస్‌వర్డ్, ఓటీపీ నెట్ సెంటర్‌లో వదిలిపెట్టకండి. మీ ఆప్షన్లను ఇంకొకరు మార్చగలరు.

కాలేజీల జాబితా

- మార్కులను ఏడాదికీ ఏడాదికీ పోల్చకండి, ర్యాంకులనే పోల్చండి. 2024లో 720కి 720 వచ్చినవారు ఉన్నారు, 2025లో ప్రథమ ర్యాంకుకే 686.
- వేరే కేటగిరీ స్నేహితుడికి సీటు వచ్చిన ర్యాంకును మీ ఆశకు కొలతగా తీసుకోకండి.
- స్నేహితుడి ఆప్షన్ల జాబితాను ఉన్నదున్నట్టు ఎక్కించకండి.
- చేరే ఉద్దేశం లేని కాలేజీని ఆప్షన్లలో పెట్టకండి. సీటు వచ్చాక వద్దంటే డిపాజిట్‌తో పాటు తర్వాతి అవకాశమూ పోవచ్చు.
- నాలుగైదు ఆప్షన్లతో ఆగిపోకండి. పై కాలేజీలు రాకపోతే ఆ రౌండులో ఏ సీటూ మిగలదు.
- అనుమతి రేపో మాపో వస్తుందన్న మాట నమ్మి చేరకండి. 2015లో కడపలోని ఒక ప్రైవేటు కాలేజీలో చేరినవారు అనుమతి లేక కోర్టుల చుట్టూ తిరిగారు.
- ఒకసారి వచ్చిన అనుమతి శాశ్వతమని భావించకండి. 2022లో తెలంగాణలో మూడు ప్రైవేటు కాలేజీలకు అనుమతి పోయి విద్యార్థులను వేరేచోట సర్దవలసి వచ్చింది.
- భవనాలు, ప్రకటనలు, బస్సులు చూసి కాలేజీ నాణ్యతను అంచనా వేయకండి.
- ఇంటికి దగ్గరన్న ఒక్క కారణంతో ప్రభుత్వ సీటును కాదని ప్రైవేటు సీటు తీసుకోకండి.

డబ్బు

- సీటు కొనిపెడతామనే దళారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మేనేజ్‌మెంట్ సీటైనా నీట్ ర్యాంకుతో, కౌన్సెలింగ్ ద్వారానే వస్తుంది.
- నిర్ణయించిన ఫీజుకు మించి రసీదు లేని డబ్బు కట్టకండి. క్యాపిటేషన్ ఫీజును 1983 నాటి చట్టమే నిషేధించింది.
- యూనివర్సిటీ పేరుతో వచ్చే వాట్సాప్ లింకుల్లో ఫీజు కట్టకండి. మోసపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడంలో ఆలస్యం చేయకండి.
- అమెరికాలోని దూరపు బంధువును చూపి ఎన్ఆర్ఐ సీటు అడగకండి. పంజాబ్ కేసులో ఎన్ఆర్ఐ కోటాను ఇలా దూరపు బంధువులకూ విస్తరించడాన్ని సుప్రీంకోర్టు 2024లో మోసమని తేల్చింది.
- మొదటి ఏడాది ఫీజు చేతిలో ఉంది కదా అని చేరకండి. మధ్యలో ఆపితే డబ్బూ ఏళ్లూ రెండూ పోతాయి.
- ఉన్న ఒక్క పొలాన్ని తొందరపడి అమ్మకండి. ముందు రుణం, స్కాలర్‌షిప్ దారులు చూడండి.

కేటాయింపు, చేరిక

- చివరి రోజు రాత్రి దాకా ఆప్షన్లు ఆపుకోకండి. సర్వర్ నెమ్మదిస్తే గడువు ఆగదు.
- అప్‌గ్రేడ్ అయ్యాక పాత సీటు ఉంటుందని ఆశించకండి. కొత్తది రాగానే అది రద్దవుతుంది.
- చివరగా మిగిలిన సీట్లకు జరిగే ఎంసీసీ స్ట్రే రౌండులో సరదాకి పాల్గొనకండి. సీటు వచ్చి చేరకపోతే మరుసటి నీట్‌కు అనర్హులవుతారు.
- రెండుచోట్ల సీటు పట్టుకుని కూర్చోకండి. రెండు జాబితాలనూ అధికారులు సరిపోలుస్తారు.

విదేశీ చదువు

- "ఎన్ఎంసీ గుర్తింపు పొందిన విదేశీ కాలేజీ" అన్న ప్రకటనను నమ్మకండి. ఎన్ఎంసీ అలాంటి జాబితా ఇవ్వదు.
- ఏజెంటు చూపిన బ్రోచర్‌తోనే దేశాన్ని ఎంచుకోకండి; అక్కడ చదువుతున్న తెలుగు విద్యార్థులను అడగకుండా డబ్బు కట్టకండి.
- ఫిలిప్పీన్స్‌లో వైద్య కోర్సుకు ముందు చదివే బీఎస్ కాలాన్ని ఎంబీబీఎస్ కాలంగా లెక్కపెట్టకండి.
- ఆ దేశ పరిస్థితిని పట్టించుకోకుండా పంపకండి. 2022లో ఉక్రెయిన్ నుంచి మన పిల్లలు చదువు మధ్యలో వదిలి రావలసి వచ్చింది.
- పాస్‌పోర్టు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు దగ్గర ఉంచకండి.

తల్లిదండ్రులకు

- బిడ్డను అడగకుండా ఆప్షన్లు పెట్టకండి. ఐదున్నరేళ్లు అక్కడ ఉండవలసింది వారే.
- పక్కింటి పిల్లల ర్యాంకుతో పోల్చకండి.
- సీటు రాలేదని నిందించకండి. బిడ్డ తిండీ నిద్రా మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయడానికి వెనుకాడకండి.