ఆవానికి ఏ బర్నరు కొనాలి?

ఒక కుమ్మరి ఇంట అత్తాకోడళ్లు ఉన్నారు. ప్రమిదలు, పూలకుండీలు చేసి అమ్ముతారు. కట్టెల ఖర్చు పెరిగింది. పొగకు అత్త కళ్లు మండుతున్నాయి. అందుకని ఇద్దరూ పెరట్లో ఇటుకలతో చిన్న ఆవం కట్టారు. దానికి గ్యాస్ మంట పెడదామనుకున్నారు.

"పెద్ద బర్నరు కొందామే. పని తొందరగా అవుతుంది" అంది అత్త.

"తొందరపడితే కుండలు పగులుతాయి అత్తమ్మా" అంది కోడలు.

కోడలి మాట నిజం. ఎండిన కుండలో కూడా కొంచెం తడి ఉంటుంది. 100 డిగ్రీల వేడికి ఆ తడి ఆవిరవుతుంది. మంట ఒక్కసారిగా పెంచితే ఆవిరి బయటికి పోలేదు. కుండ పగులుతుంది. అందుకే మొదట సన్నని మంట కావాలి. తర్వాత మెల్లగా పెంచాలి. ఎర్రమట్టి బాగా కాలాలంటే సుమారు 900 నుంచి 1000 డిగ్రీల వేడి కావాలి. సన్నగానూ, జోరుగానూ మండించడానికి వీలైనదే మంచి బర్నరు.

రెండు రకాలు

మొదటి రకం బర్నరు గాలిని తనే లాక్కుంటుంది. మన వంటపొయ్యి కూడా అంతే. దీనికి కరెంటు అక్కరలేదు. కాని ఆవానికి మంచి పొగగొట్టం ఉండాలి.

రెండో రకానికి ఫ్యాను గాలి ఊదుతుంది. మంట జోరుగా వస్తుంది. కాని కరెంటు పోతే ఫ్యాను ఆగిపోతుంది. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. కరెంటు పోగానే గ్యాసును ఆపే వాల్వు లేకపోతే దీన్ని కొనకూడదు.

చిన్న ఆవానికి మొదటి రకం చాలు. ఒక పెద్ద బర్నరు కంటే రెండు చిన్నవి మేలు. వేడి రెండు పక్కలా అందుతుంది.

దుకాణంలో అడగండి

ఆవం లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. గోడ మందం కూడా కొలవండి. కాగితం మీద రాసుకుని వెళ్లండి.

1. ఈ కొలతకు ఏ బర్నరు సరిపోతుంది?
2. ఇది సిలిండర్ గ్యాసుకు చేసినదేనా? దీనికి ఏ రెగ్యులేటరు పెట్టాలి?
3. మంట ఆరిపోతే గ్యాస్ దానంతట అదే ఆగుతుందా?

మూడో ప్రశ్న మరచిపోవద్దు. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు. అది కిందనే నిలుస్తుంది. మంట ఆరినా గ్యాస్ వస్తుంటే ఆవం నిండా చేరుతుంది. అప్పుడు అగ్గిపుల్ల గీస్తే పేలుతుంది. ప్రాణాలే పోవచ్చు. మంట ఆరితే ముందు గ్యాస్ కట్టండి. ఆవం తలుపు తెరవండి. గ్యాసంతా పోయేదాకా ఆగండి.

జాగ్రత్తలు

ఆవం ఆరుబయట ఉండాలి. గదిలోగాని, పూరికప్పు కిందగాని వద్దు. సిలిండరును దూరంగా, నిలువుగా పెట్టండి. గ్యాస్ కారుతోందా అని సబ్బునీళ్లతో చూడండి. అగ్గిపుల్లతో చూడవద్దు. మంట నీలంగా ఉంటే మంచిది. బర్నరు దగ్గర పచ్చగా ఉంటే గాలి చాలడం లేదని అర్థం. 14.2 కిలోల సిలిండరు ఇంటి వంటకే. వ్యాపారానికి 19 కిలోల సిలిండరు తీసుకోవాలి.

చెప్పండి, రాయండి

1. మొదట సన్నని మంట ఎందుకు?
2. మంట ఆరితే ముందు ఏం చేయాలి?
3. మీ ఇంటి పొయ్యి మంట ఏ రంగులో ఉంది? చూసి రాయండి.