అంకెల తాళము – దాని బలాబలములు

తాళపుచెవితో పనిలేక, మీటలపై అంకెలను నొక్కి తలుపు తెరచు సాధనమును కీప్యాడ్ తాళమందురు. నేడు ఇండ్లకును, వసతిగృహములకును, కార్యాలయముల గేట్లకును దీనిని అమర్చుచున్నారు. చెవి పోవునను భయము లేదు; పదిమందికి పది చెవులు చేయింప నక్కరలేదు. అయినను అంగడిలో మెరయు పలకను చూచి మోజుపడక, దాని బలమును లెక్కించి కొనుట యుక్తము. ఆ లెక్క మనము తరగతిలో నేర్చు గణితమునకు మించినది కాదు.

సున్న మొదలు తొమ్మిది వరకు గల పది అంకెలతో నాలుగంకెల రహస్యసంఖ్యలు 10×10×10×10, అనగా 10,000 ఏర్పడును. ఆరంకెలవి 10,00,000. రెండంకెలు పెరిగినంతనే బలము నూరు రెట్లైనది. కాని యిది కాగితముపైని బలము. దీనిని తగ్గించు కారణములు మూడు గలవు.

మొదటిది యంత్రనిర్మాణము. కొన్ని తాళములలో సంఖ్య ముగిసినదని తెలుపు మీట యుండదు; చివర నొక్కిన నాలుగంకెలు సరిపోయినచో తలుపు తెరచుకొనును. అన్ని సంఖ్యలను విడివిడిగా నొక్కుటకు 40,000 నొక్కులు కావలెను గదా! ఇచ్చట ఛందస్సును జ్ఞాపకము చేసికొందము. మూడక్షరముల గణములెనిమిదింటిని విడిగా వ్రాసిన 24 అక్షరములగును. 'యమాతారాజభానసలగం' అను సూత్రమున పది యక్షరములలోనే అవి యన్నియు ఒకదానిలో నొకటి యిమిడియున్నవి. అట్లే 10,000 సంఖ్యలును 10,003 నొక్కులలో ఇమిడిపోవును. సెకనుకొక నొక్కు చొప్పున మూడు గంటలైనను పట్టదు! కావున ప్రతి ప్రయత్నమును వేరుగా గణించి, ఐదు పర్యాయములు తప్పినచో ఐదు నిమిషములు పనిచేయక యుండు తాళమును కోరవలెను. అప్పుడు అన్ని సంఖ్యలను పరీక్షించుటకు సుమారు 10,000 నిమిషములు, అనగా దాదాపు ఏడు దినములు పట్టును.

రెండవది మీటల అరుగుదల. ఏండ్ల తరబడి ఒకే సంఖ్యను నొక్కినచో ఆ నాలుగు మీటలు మాత్రమే అరిగి, పరులకు గుట్టు తెలుపును. ఆ నాలుగంకెల అమరికలు 4×3×2×1, అనగా 24 మాత్రమే. మూడు మీటలే అరిగినచో, ఒక అంకె రెండుసార్లు వచ్చినదని తెలియును. అప్పుడు అమరికలు 36 అగును. తక్కువ మీటలు అరిగినప్పుడు ఎక్కువ అమరికలు వచ్చుట వింతయే! సంఖ్యను అప్పుడప్పుడు మార్చుటయే దీనికి మందు.

మూడవది మన సోమరితనము. జన్మసంవత్సరమును రహస్యసంఖ్యగా పెట్టినచో, 1950 మొదలు 2025 వరకు లెక్కించినను 76 సంఖ్యలే గలవు. తయారుచేసినవారు పెట్టి పంపిన సంఖ్యను మార్చకుండుట అంతకంటె హీనము. ఒక్కొక్కరికి ఒక్కొక్క సంఖ్య నిచ్చుటకు వీలున్న తాళమైనచో, ఒకరు వెడలిపోయినప్పుడు వారి సంఖ్యను మాత్రము తొలగింపవచ్చును.

బయటివారిని ఆపుట ఎంత ముఖ్యమో, లోపలివారు బయటపడుట అంతకంటె ముఖ్యము. విద్యుదయస్కాంతపు తాళము విద్యుత్తు నిలిచినంతనే వదలును. మరికొన్ని తాళములు విద్యుత్తు లేకున్నను బిగిసియే యుండును. ఏది యైనను, లోపలినుండి ఏ సంఖ్యతోను పనిలేక, చేతితో ఒక్క తోపున తెరచుకొనునట్లు ఉండవలెను. అగ్నిప్రమాదమున, పొగలో, చీకటిలో, భయపడిన పిల్లవాడు అంకెలు జ్ఞాపకము చేసికొనలేడు. ఈ గుణము లేని తాళము ఎంత చౌకయైనను వసతిగృహమునకు తగదు.

విద్యార్థులారా! ఆరంకెల సంఖ్యగల తాళమునకు ఆరు మీటలు అరిగియున్నవనుకొనుడు. అమరికలెన్ని? ఐదు మీటలే అరిగినచో ఎన్ని? రెండింటిలో ఏది హెచ్చో లెక్కించి చూడుడు.