పై పిడి రంపం: చెట్టు మీద రెండు చేతుల లెక్క

మార్చి నుంచి మే నెల దాకా ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి మీద సాయంత్రం పూట ఉరుములు, మెరుపులతో గాలివానలు లేస్తాయి. వీటినే కాలవైశాఖి అంటారు. ఇవి తూర్పుకు సాగుతూ దారిలో ఉన్న ఊళ్లలో చెట్ల కొమ్మలను విరిచి పడేస్తాయి. ఆ దారిలో ఉన్న ఊళ్లలో జంషెడ్‌పూర్ ఒకటి. అక్కడ చెట్లు ఎక్కువగా ఉండటం యాదృచ్ఛికం కాదు. ఉక్కు నగరం ఇంకా ఊహగానే ఉన్న 1902లోనే జంషెడ్‌జీ టాటా తన కుమారుడు దొరాబ్‌కు రాసిన లేఖలో వీధులు వెడల్పుగా ఉండాలని, వాటి పక్కన నీడనిచ్చే చెట్లు నాటాలని, ఒకటి విడిచి ఒకటి త్వరగా పెరిగే జాతివి కావాలని సూచించారు. త్వరగా పెరిగే చెట్లలో చాలా రకాలకు కలప పెళుసు. తురాయి చెట్టు ఇందుకు మంచి ఉదాహరణ. నీడ త్వరగా వస్తుంది, కొమ్మ కూడా త్వరగా విరుగుతుంది. అందుకే గాలివానల కాలానికి ముందే ఎండిన కొమ్మలను, ఇళ్ల మీదికి వాలిన కొమ్మలను తీసేయడం అవసరం.

భాలుబాసా వంటి ఇళ్లు ఒత్తుగా ఉన్న పేటల్లో ఈ పని మరింత కష్టం. మైదానంలో చెట్టునైతే మొదట్లో కోసి ఒక పక్కకు పడేయవచ్చు. రెండు ఇళ్ల మధ్య, కరెంటు తీగల పక్కన ఉన్న చెట్టుకు పడేందుకు చోటే ఉండదు. పనివాడు తాడు సాయంతో పైకెక్కి, చెట్టును పైనుంచి కిందికి ముక్కలు ముక్కలుగా దింపాలి. ఉత్తరాంధ్ర నుంచి జంషెడ్‌పూర్ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కూలిన చెట్లను తొలగించడం ఎంత పెద్ద పనో ఆ ప్రాంతమంతా చూసింది.

ఇలా చెట్టు మీద ఉండి కోయడానికే ప్రత్యేకంగా తయారైన యంత్రం పై పిడి చైన్‌సా. ఏ చైన్‌సా మంచిదని అడిగితే అంగళ్లలో ముందుగా ఇంజిన్ ఎన్ని సి.సి. అన్నది చెబుతారు. చెట్టు మీద మాత్రం ఆ ఒక్క అంకెతో పోలిక కుదరదు. బరువు, దూరం, సమయం, అన్నిటికీ మించి రెండు చేతులు ఎక్కడున్నాయన్నది చూడాలి.

పిడి పైకి ఎందుకు వచ్చింది?

మామూలు చైన్‌సాలో మీట ఉన్న పిడి ఇంజిన్ వెనుక ఉంటుంది. కుడి చేయి దాన్ని, ఎడమ చేయి ముందున్న గొట్టపు పిడిని పట్టుకుంటాయి. నేల మీద నిలబడి దుంగలు కోయడానికి ఈ అమరిక బాగుంటుంది. కొమ్మల మధ్య తాడు మీద వేలాడే మనిషికి మాత్రం ఆ పొడవు అడ్డం. పై పిడి చైన్‌సాలో మీట ఉన్న పిడిని ఇంజిన్ నెత్తిన, యంత్రపు గరిమనాభికి దగ్గరగా అమర్చారు. దాంతో యంత్రం పొట్టిదైంది. ఒంటికి దగ్గరగా పట్టుకోవచ్చు, ఇరుకు కొమ్మల మధ్య తిప్పవచ్చు, పని లేనప్పుడు నడుము దగ్గర హార్నెస్‌కు వేలాడదీయవచ్చు.

ఈ తరగతి యంత్రాలకు ఐఎస్ఓ 11681 ప్రమాణంలో రెండో భాగాన్ని ప్రత్యేకించారు. మొదటి భాగం అడవి పనిలో వాడే చైన్‌సాలది. రెండో భాగం కిందికి రావాలంటే బార్, గొలుసు లేకుండా, ట్యాంకులు ఖాళీగా ఉన్నప్పుడు యంత్రం బరువు 4.3 కిలోలు మించకూడదు.

ఎదురు తన్నే రంపం

పై పిడి వల్ల వచ్చిన సౌకర్యంలోనే ప్రమాదం కూడా ఉంది. అది అర్థం కావాలంటే గొలుసు వేగం తెలియాలి. గొలుసును లాగే పళ్ల చక్రానికి 6 పళ్లు ఉన్నాయని, గొలుసు కొలత అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు, అంటే సుమారు 9.5 మి.మీ. అని అనుకుందాం. ఒక్కో పంటికి గొలుసు దీనికి రెట్టింపు దూరం కదులుతుంది. కాబట్టి చక్రం ఒకసారి తిరిగితే గొలుసు 114 మి.మీ. జరుగుతుంది. నిమిషానికి 10,000 చుట్ల వద్ద ఇది సెకనుకు 19 మీటర్లు, అంటే గంటకు సుమారు 68 కిలోమీటర్లు.

ఇంత వేగంతో పోతున్న గొలుసు బార్ కొన పైభాగంలో పక్క కొమ్మకు తగిలిందనుకోండి. పంటి కొన కలపలో ఇరుక్కుంటుంది. గొలుసుకు ముందుకు దారి లేక, ఆ శక్తి అంతా బార్‌ను పైకీ, పట్టుకున్న మనిషి వైపుకూ విసురుతుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. మనిషి చూసి, గ్రహించి, చేయి కదిపేందుకు సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. కిక్‌బ్యాక్ అంతకన్నా ముందే ముగిసిపోతుంది. కాబట్టి దాన్ని ఆపేది మనిషి చురుకుదనం కాదు, అప్పటికే ఉన్న పట్టు, గొలుసు బ్రేకు.

మొదట పట్టు సంగతి. రంపం తిరగబోయే బల భ్రామకాన్ని, అంటే టార్క్‌ను, రెండు చేతుల మధ్య దూరం అడ్డుకుంటుంది. ఉదాహరణకు 40 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఆపాలనుకుందాం. చేతుల మధ్య 40 సెం.మీ. దూరం ఉంటే ఒక్కో చేయి 100 న్యూటన్ల బలం పెట్టాలి. పై పిడి రంపంలో ఆ దూరం 25 సెం.మీ. ఉంటే 160 న్యూటన్లు కావాలి. యంత్రం చిన్నది కాబట్టి ప్రమాదం కూడా చిన్నదే అనుకోవడం ఎంత పొరపాటో ఈ లెక్క చెబుతుంది. ఇక ఒక చేయి వదిలేస్తే ఆ దూరమే ఉండదు. భారమంతా మణికట్టు మీద పడుతుంది.

రెండోది బ్రేకు. ముందు పిడికి ఎదురుగా ఉన్న కవచం రెండు విధాలుగా బ్రేకును వేస్తుంది. రంపం పైకి లేచినప్పుడు ఎడమ మణికట్టు తగిలి కవచం ముందుకు వాలడం మొదటిది. కవచం తన జడత్వం వల్ల తానే వాలడం రెండోది. ఎడమ చేయి పిడి మీద లేకపోతే మొదటి మార్గం పూర్తిగా పోతుంది. ఒంటిచేత్తో కోసేవాడు పట్టుతో పాటు బ్రేకులో సగాన్నీ వదులుకుంటున్నాడన్న మాట.

అయినా ఒంటిచేత్తో కోయాలనే ప్రలోభం పై పిడి రంపంతోనే ఎక్కువ. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, మరో చేత్తో కోసి, ముక్కను పక్కకు విసరవచ్చని అనిపిస్తుంది. అలా చేసినప్పుడు ఎడమ చేయి సరిగ్గా గొలుసు దారిలోనే ఉంటుంది. దీనికి విరుగుడుగా వచ్చిన పద్ధతి మెట్టు కోత. కొమ్మ కింద కొంత లోతు కోసి, దానికి కాస్త దూరంగా పైనుంచి మరో కోత పెడతారు. మధ్యలో మిగిలిన కలప నార కొమ్మను నిలబెడుతుంది. అప్పుడు రంపం ఆపి, నడుముకు తగిలించి, రెండు చేతులతో కొమ్మను విరిచి దింపుతారు. చిన్న కొమ్మలకు ఇది చాలు. పెద్దవాటిని తాడు కట్టి దింపాల్సిందే. 30 సెం.మీ. వ్యాసం, ఒక మీటరు పొడవు ఉన్న పచ్చి దుంగ 65 నుంచి 70 కిలోలు తూగుతుంది. దాన్ని చేత్తో పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

బరువూ శక్తీ

ఇప్పుడు యంత్రాల పోలికకు వద్దాం. ఇక్కడిచ్చిన బరువులు తయారీదారులు చెప్పేవే. ఇవి బార్, గొలుసు, ఇంధనం లేకుండా తూచినవి.

స్టిల్ ఎంఎస్ 201 టీసీ-ఎం ఇంజిన్ 35.2 సి.సి., శక్తి 1.8 కిలోవాట్లు, బరువు 3.7 కిలోలు. హస్క్‌వార్నా టీ540 ఎక్స్‌పీ 37.7 సి.సి., 1.8 కిలోవాట్లు, 3.9 కిలోలు. ఈ రెండూ ఒకే కోవవి, లావు కొమ్మలకూ పైభాగపు మానుకూ సరిపోయేవి. స్టిల్ ఎంఎస్ 194 టీ 31.8 సి.సి., 1.4 కిలోవాట్లు, 3.3 కిలోలు. ఎకో సీఎస్-2511టీ 25 సి.సి. మాత్రమే, బరువు సుమారు 2.3 కిలోలు.

బార్, గొలుసు, ఇంధనం, నూనె కలిపితే పెద్ద రంపం సుమారు 5 కిలోలు, చిన్నది 3.2 కిలోలు అవుతుందనుకుందాం. చేయి చాచి భుజానికి 60 సెం.మీ. దూరంలో పట్టుకుంటే, పెద్ద రంపం భుజం మీద వేసే టార్క్ సుమారు 29 న్యూటన్ మీటర్లు. చిన్నది వేసేది 19. తాడు మీద పనిచేసేవాడు రోజులో ఎక్కువ సమయం కోతలో గడపడు. ఎక్కడం, జరగడం, తాళ్లు కట్టడం ఇవే ఎక్కువ. ఆ సమయమంతా రంపం మోత బరువే. అలసిన భుజం పట్టును సడలిస్తుంది, సడలిన పట్టు కిక్‌బ్యాక్‌ను ఆపలేదు. కొమ్మలు తీసే పనికి ఎక్కువ శక్తి వల్ల ఒక్కో కోతలో కొన్ని సెకన్లు మిగులుతాయేమో గానీ, తక్కువ బరువు వల్ల రోజంతా లాభమే. మానును ముక్కలుగా దింపేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది. లావు కోతలో బలం చాలని రంపం ఇరుక్కుపోతుంది. అక్కడ 1.8 కిలోవాట్లు అవసరమే.

పెట్రోలా, బ్యాటరీయా?

స్టిల్ ఎంఎస్‌ఏ 161 టీ బ్యాటరీ రంపం 2.1 కిలోలు. హస్క్‌వార్నా టీ535ఐ ఎక్స్‌పీ 2.4 కిలోలు. ఈ అంకెలు చూసి వెంటనే సంబరపడకూడదు. ఇవి బ్యాటరీ లేని బరువులు. బ్యాటరీ రకాన్ని బట్టి ఇంకో ఒకటి నుంచి రెండు కిలోలు కలపాలి.

కారణం శక్తి సాంద్రత. కిలో పెట్రోలులో సుమారు 12 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. రంపం ట్యాంకులో పట్టే దాదాపు 0.3 లీటర్లు 220 గ్రాములు తూగుతాయి, అంటే సుమారు 2.6 కిలోవాట్ అవర్లు. చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్ అందులో ఐదో వంతును మాత్రమే పనిగా మారుస్తుందనుకున్నా అర కిలోవాట్ అవర్ వస్తుంది. 1.8 కిలోల లిథియం అయాన్ బ్యాటరీ ఇచ్చేది దానిలో సగమే. కానీ పెట్రోల్ ఇంజిన్ కోతకూ కోతకూ మధ్య ఊరికే నడుస్తూ ఇంధనం తాగుతుంది. బ్యాటరీ రంపం మీట వదలగానే ఆగిపోతుంది. ఆగి ఆగి కోసే కొమ్మల పనిలో ఈ తేడా బ్యాటరీకి అనుకూలం. చెట్టు మీద తాడు లాగి ఇంజిన్ స్టార్ట్ చేయాల్సిన అవస్థ కూడా ఉండదు. అయితే శబ్దం లేనందువల్ల రంపం సిద్ధంగా ఉందో లేదో తెలియదు. పొరపాటున మీట నొక్కితే గొలుసు వెంటనే తిరుగుతుంది. కాబట్టి వేలాడదీసే ముందు బ్రేకు వేయడం, స్విచ్ ఆపడం అలవాటు కావాలి.

చెవులకు, చేతులకు కూడా లెక్క ఉంది. పెట్రోల్ రంపం చెవి దగ్గర సుమారు 100 డెసిబెల్‌ల శబ్దం చేస్తుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ సూత్రం ప్రకారం 85 డెసిబెల్‌లను 8 గంటలు భరించవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకూ సమయం సగమవుతుంది. అలా 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. చెవి రక్షణ లేకుండా పని చేయకూడదన్నది ఇందుకే. ప్రకంపనల విషయంలో ఐరోపా నిబంధన రోజు సగటు సెకను వర్గానికి 2.5 మీటర్లు దాటితే యజమాని చర్య తీసుకోవాలంటుంది, 5 దాటకూడదంటుంది. 5 మీటర్ల ప్రకంపన ఉన్న రంపంతో 2 గంటల్లోనే మొదటి హద్దు వస్తుంది. 3.5 ఉన్నదానితో సుమారు 4 గంటలు పడుతుంది. హద్దులు దాటి ఏళ్ల తరబడి పనిచేస్తే వేళ్లు తిమ్మిరెక్కి, తెల్లబడి, పట్టు తగ్గే జబ్బు వస్తుంది. కొనేటప్పుడు యంత్రం పుస్తకంలో ఈ రెండు అంకెలూ చూడాలి.

ఎంపికకు ముందు

ఐదారు సెం.మీ. లోపు కొమ్మలకు పదునైన చేతిరంపమే మేలు. దానికి కిక్‌బ్యాక్ లేదు, ఇంధనం అక్కర్లేదు. అంతకు మించిన కొమ్మలకు తేలికైన పై పిడి రంపం, మానుకు 35 సి.సి. తరగతిది వాడవచ్చు. చెట్టు దిగాక నేల మీద దుంగలు కోయడానికి పై పిడి రంపం పనికిరాదు. అక్కడ వెనుక పిడి రంపమే పట్టాలి.

ఏ రంపమైనా, కోసేటప్పుడు మనిషి రెండు చోట్ల కట్టుకుని ఉండాలి. ఎక్కే తాడు ఒకటి, మానును చుట్టిన నడుం తాడు రెండోది. బిగువుగా ఉన్న తాడును గొలుసు తాకితే క్షణంలో తెగిపోతుంది. లోపల ఉక్కు తీగ ఉన్న నడుం తాడు కూడా కోతను ఆలస్యం చేస్తుందే తప్ప ఆపలేదు. దగ్గర్లో కరెంటు తీగలుంటే సరఫరా ఆపించాకే ఎక్కాలి. పచ్చి కొమ్మ, తడి తాడు రెండూ కరెంటును మోస్తాయి.

ఇంటి ముందు చెట్టును కొట్టించేవారు ధర మాట్లాడేటప్పుడు చూడదగినవి కూడా ఇవే. పైకెక్కే మనిషికి హెల్మెట్, చెవి రక్షణ, కోతను అడ్డుకునే ప్యాంటు, రెండు తాళ్లు ఉన్నాయా? రంపం బ్రేకు పనిచేస్తోందా? అతను రెండు చేతులతో కోస్తున్నాడా? ఒంటిచేత్తో కోయడం పని తొందరగా తెమిలినట్లు కనిపిస్తుంది. ఆ తొందర ఆదా చేసేది నిమిషాలు, పణంగా పెట్టేది ఒక మనిషి చేతిని, ఒక్కోసారి ప్రాణాన్ని.