సగటు తగ్గించుకోవాలా?

ప్రశ్న: రాజధానికి ఇచ్చిన భూమికి వచ్చే కౌలు డబ్బుతో ఓ సోలార్ కంపెనీ షేర్లు కొన్నాను. ధర పడిపోయింది, కేసు దివాలా కోర్టు ఎన్‌సీఎల్‌టీకి వెళ్లింది. ఇంకొన్ని కొని సగటు కొనుగోలు ధర తగ్గించుకోమంటున్నాడు మా బావమరిది. (తుళ్లూరు పాఠకుడు)

జవాబు: వద్దండీ. దివాలా ప్రక్రియలో సొమ్ము ముందు అప్పులవాళ్లకు వెళ్తుంది. వాటాదారుడి వంతు అందరికంటే చివర, అప్పటికి మిగిలేది సాధారణంగా సున్నా. కొత్త యజమాని వచ్చినా పాత షేర్లు రద్దు కావచ్చు. పవన విద్యుత్ కంపెనీ సుజ్లాన్ తేరుకుందిగా అంటారేమో, దాని అప్పులను బ్యాంకులే 2020లో సర్దాయి, కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లలేదు. చవగ్గా కనిపించే షేరు ఎలా ఎర అవుతుందో తెలియాలంటే, సోలార్ కంపెనీ జెన్‌సోల్‌పై మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 ఏప్రిల్ 15న ఇచ్చిన ఉత్తర్వు చూడండి. విద్యుత్ కార్ల అప్పును ప్రమోటర్లు దారి మళ్లించారన్న ఆరోపణల మధ్యే, ఒక షేరును పదిగా విడగొడతామన్నారు! ధర తక్కువగా కనిపించి చిన్న మదుపరిని ఆకర్షిస్తుంది అది. ఆ విభజనను సెబీ ఆపింది.

కొనేవాడుంటే అమ్మేయండి. అమ్మితేనే నష్టం లెక్కకొస్తుంది. గడువులోగా రిటర్ను వేస్తే ఆ నష్టాన్ని 8 ఏళ్ల వరకు మూలధన లాభాల్లో సర్దుకోవచ్చు, దీర్ఘకాలికమైతే దీర్ఘకాలిక లాభాల్లోనే.